పది బై పద్నాలుగు

ఈ వరసలో ఇప్పటిదాకా భూమి గురించి రాశాను, హాస్టళ్ల గురించి రాశాను, ఇంటిపేర్ల గురించి రాశాను. ఈసారి ఒక గది గురించి. వెడల్పు 10 అడుగులు, పొడవు 14. మా 60 గజాల ఇంట్లో గల్లీ వైపున్న ముందు గది. 2003 నుంచి అందులో ఒక లేత్ మిషన్ ఉంది. నా డిగ్రీ, తమ్ముడి ఐటీఐ, చెల్లె పెళ్లి, నా పీహెచ్‌డీ అన్నీ ఆ చక్ తిరిగిన లెక్కలోనివే.

ఈమధ్య ఒక సదస్సుకి వెళ్లాను. విద్యార్థులు ఉద్యోగాలు వెతుక్కోవడం మానేసి ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు కావాలని వక్త చెప్తున్నాడు. మధ్యలో తెర మీద కొన్ని ఫొటోలు వేశాడు. సైకిల్‌కి బిగించిన నీళ్ల పంపు, వాషింగ్ మిషన్‌లో చిలుకుతున్న లస్సీ, మంచం కింద పెట్టుకున్న డ్రిల్లింగ్ మిషన్. "జాగా లేకపోతేనేం, మనోళ్లకి బుర్ర ఉంది, దీన్నే జుగాడ్ అంటారు" అన్నాడు. హాలంతా చప్పట్లు. నాకు చేతులు లేవలేదు. ఆ మంచం మీద ఎవరు పడుకుంటారో, మిషన్ బయటికి లాగిన ప్రతిసారీ వాళ్లు లేచి ఎక్కడికి పోవాలో నాకు తెలుసు. అట్లాగని ఆ బుర్రని తీసిపారేసేవాళ్లన్నా నాకు పడదు. ఇరుకు గదిలో మిషన్ పని చెయ్యడం ఒక విద్య. ఆ విద్య ఎట్లాంటిదో చెప్పాలి, దానికి ఎవరు ఎంత కట్టారో కూడా చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి వదిలేస్తే అబద్ధం అవుతుంది.

మా తాత చెప్పులు కుట్టాడు, మోటబొక్కెనలు కుట్టాడు. ఇంటి వెనక లంద, తంగేడు చెక్క నానిన నీళ్ల వాసన, చేతిలో ఆరె, పక్కన గూటం. ఊళ్లో ఇనుము కమ్మరిది, కర్ర వడ్లాయనది, తోలు మాది. తోలు పట్టినవాడి కొడుకు ఇనుము పట్టాలంటే ఊరు దాటాలి. నాయిన దాటాడు. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేశాడు. 1950లో మొదలైన ఆ ఐటీఐ శిక్షణ పథకం లేకపోతే మా ఇంట్లో ఎవరి చేతికీ మైక్రోమీటర్ వచ్చేది కాదు.

మనం అంబేడ్కర్‌ని రాజ్యాంగంతోనూ గుడి ప్రవేశంతోనూ గుర్తుపెట్టుకున్నంతగా వర్క్‌షాపుతో గుర్తుపెట్టుకోలేదు. 1942 అక్టోబర్ 29న ఆయన వైస్రాయికి ఒక విజ్ఞాపన పత్రం ఇచ్చాడు. అప్పటికి వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూస్తున్నాడు. అందులో చదువు గురించి రాస్తూ, మనవాళ్లకి సైన్సు, సాంకేతిక విద్య కావాలని గట్టిగా వాదించాడు. దానికి స్కాలర్‌షిప్పులు అడిగాడు. ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలకి అప్రెంటిస్‌షిప్పులు ఇవ్వమన్నాడు. నేను సాహిత్యం చదివినదాన్ని, ఆ పేజీల దగ్గర కొంచెం నొచ్చుకున్నాను కూడా. కానీ నాయిన చేతులు చూసినప్పుడల్లా ఆయన ఏం అడిగాడో అర్థమవుతుంది.

నాయిన బాలానగర్‌లో ఒక చిన్న యూనిట్‌లో ఇరవై ఏళ్లకు పైగా చేశాడు. పెద్ద ఫ్యాక్టరీలకి బుష్‌లు, పిన్నులు, షాఫ్టులు చేసిచ్చే యూనిట్. పెద్దవి చిక్కిపోయాయి, వాటి మీద బతికే చిన్నవి మూతపడ్డాయి. ఇదీ అట్లాగే మూతపడింది. రావాల్సిన బాకీ కింద ఓనరు ఒక పాత లేత్ ఇచ్చాడు. ఆరడుగుల బెడ్, పంజాబ్‌లోని బటాలాలో తయారైంది, బెల్టు మీద నడిచేది. దాన్ని షెడ్డులోనే ఉంచుకుంటే రోజుకింత కిరాయి కట్టాలన్నాడు.

మెయిన్‌రోడ్డు మీద షట్టర్ కోసం నాయిన మూడు నెలలు తిరిగాడు. ఒక ఓనరు అడ్వాన్సు దాకా వచ్చి, ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఊళ్లో ఇల్లు ఏ దిక్కున అని అడిగి, ఆఖరికి "మిషన్ సౌండ్ వస్తది, ఇయ్యలేం" అన్నాడు. ఆ షట్టర్‌కి ఆ పక్క వెల్డింగ్ షాపు. ఈ పక్క పిండి గిర్ని. సౌండు సంగతి అది.

ఇక మిగిలింది ఇల్లు. దర్వాజ చౌకట్టు పీకి, ఇనుప పైపులు పరిచి, వాటి మీద దొర్లించుకుంటూ ఎనిమిది మంది లేత్‌ని లోపలికి తెచ్చారు. అందరూ మా గల్లీవాళ్లే. మంచం, టీవీ, ట్రంకుపెట్టె వెనక గదిలోకి పోయాయి. వెనక గదిలో వంట ఉండేది. వంట ఎక్కడికి పోయిందో తర్వాత చెప్తాను.

ఇప్పుడు లెక్క చూడండి. గది వెడల్పు 10 అడుగులు. లేత్ వెడల్పు రెండున్నర. మనిషి దాని ముందు నిలబడి పని చెయ్యడానికి రెండున్నర. ఎదుటి గోడకి సామాన్ల ర్యాకు అడుగున్నర. మొత్తం ఆరున్నర. చూసినవాళ్లంతా లేత్‌ని గోడకి ఆనించమన్నారు. నాయిన ఆనించలేదు. వెనక అడుగున్నర ఖాళీ వదిలాడు. అంత ఇరుకులో అడుగున్నర వదలడం అందరికీ పిచ్చిగా కనిపించింది. కానీ గోడకి ఆనిస్తే వెనక ఇనుప పొట్టు పేరుకుంటుంది, దాన్ని తీసే దారి ఉండదు. బెల్టు తెగితే వెయ్యడానికి చెయ్యి పట్టదు. మోటార్ వేడెక్కితే గాలి ఆడదు. రిపేరొచ్చిన రోజు మిషన్ మొత్తాన్నీ జరపాలి. "ఇరుకు జాగల మొదాలు దాచుకోవాల్సింది ఖాళీ జాగనే బిడ్డా" అనేవాడు.

అది పోను నడవడానికి మిగిలింది 2 అడుగులు. గల్లీ నుంచి ఇంట్లోకి అదే దారి. లేత్ నడుస్తున్నప్పుడు నాయిన వీపు వెనక నుంచి ఎవరూ దాటకూడదు. తగిలితే మనిషి చక్ మీద పడతాడు. అందుకని బడి నుంచి వచ్చి పుస్తకాల సంచితో గడప మీద కూర్చునేదాన్ని. జాబ్ ఒక కోత పూర్తయి, చక్ ఆగి, నాయిన చెయ్యి ఊపితే లోపలికి. నా పదో తరగతి తెలుగు వాచకం సగం ఆ గడప మీదే చదివాను. ఇంట్లో ఆడవాళ్లం చున్నీ, కొంగు బిగించి కట్టుకోకుండా ఆ గదిలో అడుగు పెట్టకూడదు. చేతికి గ్లౌజు వేసుకుని లేత్ ముట్టకూడదు. చక్ కీ చక్‌లో పెట్టి చెయ్యి వదలకూడదు. ఈ మూడు నియమాలూ మాకు ఎక్కాల కంటే ముందు వచ్చాయి.

పొడవు సంగతి ఇంకో కథ. రాణిగంజ్ నుంచి తెచ్చే రాడ్డు పన్నెండు అడుగులు కూడా ఉంటుంది. ముక్కలు కోయిస్తే ప్రతి ముక్కకీ చివర కొంత వృథా. అందుకని హెడ్‌స్టాక్‌ని గల్లీ గోడ వైపు పెట్టి, స్పిండిల్ బొర్రకి సరిగ్గా ఎదురుగా గోడకి కన్నం కొట్టాడు. రాడ్డు ఆ కన్నంలోంచి గల్లీలోకి పోతుంది. ఇది విని ఎవరైనా ఇంట్లో చేసి చూసేరు, ఆగండి. బయట ఊరికే వేలాడే రాడ్డు స్పీడుగా తిరిగితే కొరడాలాగా వంగి కొడుతుంది. మనుషులు పోతారు. కన్నంలోంచి బయటికి ఒక ఇనుప పైపు బిగించి, దాని కింద స్టాండు వేసి, రాడ్డు మొత్తం పైపు లోపలే తిరిగేటట్టు చేశాడు. అయినా తక్కువ స్పీడే. ఆ పైపు గల్లీలోకి ఆరడుగులు వచ్చేది. ఎనిమిదడుగుల గల్లీ. పక్కింటివాళ్లు స్కూటర్ దించాలంటే నాయిన పైపు తియ్యాలి. తీసేవాడు. రాత్రి ఎనిమిది దాటితే మిషన్ ఆపేవాడు. మార్చిలో పిల్లల పరీక్షలప్పుడు ఆరింటికే. మా షాపు కొలత పది బై పద్నాలుగు అని రాశాను గానీ, నిజానికి అందులో గల్లీ కూడా ఉంది. మెయిన్‌రోడ్డు ఇవ్వని జాగా గల్లీ ఇచ్చింది.

గోడలు నాలుగున్నర అంగుళాలవి. మేకు కొడితే పక్కింటి గోడ పెచ్చు రాలుతుంది. బరువు మొయ్యవు. అందుకని ర్యాకు గోడకి వేలాడదు, యాంగిల్స్‌తో చేసి నేల మీదే నిలబెట్టాడు. బరువైనవి కింద: ఫోర్ జా చక్, ఫేస్ ప్లేట్, వైస్. రోజూ ముట్టేవి ఛాతీ ఎత్తులో. ఏడాదికోసారి ముట్టేవి కప్పు దగ్గర. చెక్క మీద ప్రతి పనిముట్టు ఆకారం పెయింటుతో గీశాడు, సాయంత్రానికి ఏ గీత ఖాళీగా ఉందో కనిపిస్తుంది. ఇది షోకు కాదు. ఇరుకులో ఒక స్పానర్ కనపడకపోతే నాలుగు వస్తువులు జరపాలి, వాటిని పెట్టడానికి ఇంకో నాలుగు జరపాలి. గ్రైండర్ మాత్రం లోపల పెట్టలేదు. రాయి పొడి లేత్ బెడ్ మీద పడితే గరుకు కాగితం రుద్దినట్టే, రెండేళ్లలో బెడ్ అరిగిపోతుంది. అది బయట మెట్ల కింద, రేకు ముక్క కప్పుకొని ఉంటుంది. వానొస్తే గ్రైండింగ్ బంద్.

ఒక్క మిషన్‌తో నాలుగు మిషన్ల పని చేసేవాడు. షాఫ్టుకి కీ గాడి కొయ్యాలంటే మామూలుగా మిల్లింగ్ మిషనో, లోపలి గాడి అయితే స్లాటింగ్ మిషనో కావాలి. నాయిన స్పిండిల్ తిరగకుండా బిగించి, టూల్‌ని పక్కకి తిప్పి పట్టి, క్యారేజిని చేత్తో ముందుకీ వెనక్కీ నెట్టి గాడి కోసేవాడు. ఒక్కో నెట్టుకి వెంట్రుకంత లోతు. ఒక్క గాడికి అరవై, డెబ్బై సార్లు. స్లాటింగ్ మిషన్ ఉన్నచోట అది ఐదారు నిమిషాల పని. ఇక్కడ ముప్పావు గంట. గిరాకీ ఇచ్చేది రెండు చోట్లా అదే రేటు.

తమ్ముడు ఐటీఐ అయ్యాక, బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో సీఎన్‌సీ కోర్సు చేశాడు. వచ్చి ఒక నెల పాటు నోటుబుక్కు పెట్టి గడియారం చూసుకుంటూ రాశాడు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా, పది గంటల్లో టూలు ఇనుము మీద కోత కోసింది నాలుగు గంటలు. మిగిలినవి కొలవడం, బిగించడం, గ్రైండింగుకి బయటికి పోయి రావడం, దారి ఇవ్వడానికి ఆపడం, చక్ దించి వర్టికల్ స్లైడ్ ఎక్కించడం, మళ్లీ అది దించి చక్ ఎక్కించడం. కేవలం జాగా లేక పోయిన టైము మూడు గంటలని తేల్చాడు. "అక్కా, మనకి కిరాయి లేదనుకుంటున్నం. రోజుకి మూడు గంటలు కడుతున్నం" అన్నాడు.

ఆ మాట విన్నాక నేను చదివిన చాలా పుస్తకాలు వేరేగా కనిపించాయి. జాగా లేనివాడు ఆ జాగాని గంటల్లో కడతాడు. నడుంతో కడతాడు. నాయినకి యాభై రెండేళ్లకే ఎడమ భుజం లేవలేదు, క్యారేజి నెట్టీ నెట్టీ. సదస్సులో వక్త చప్పట్లు కొట్టించిన బుర్ర ఆ భుజంలో ఉంది. జుగాడ్ అనే మాటలో కూలి లెక్క ఉండదు.

ఇక వంట. అన్నం ఆవిరి లేత్‌కి పడదు. ఒక్క వానాకాలం అన్నం వార్చిన తేమకి బెడ్ మీద ఎర్రటి చిలుం పట్టింది. నాయిన పొద్దున్నే ఆయిల్ గుడ్డతో తుడిచేవాడు, సాయంత్రానికి మళ్లీ పట్టేది. అమ్మ పొయ్యి వెనక దొడ్లోకి పోయింది. దొడ్డి అంటే నాలుగడుగుల సందు, పైన రేకు. మే నెలలో ఆ రేకు కింద పదకొండింటికి వంట చేసి చూడండి. ఇరవై ఏళ్లు చేసింది. షాపు చూసినవాళ్లంతా నాయినని మెచ్చుకున్నారు, తమ్ముడిని మెచ్చుకున్నారు. ఆ గదికి జాగా వదిలిందెవరని ఒక్కరు అడగలేదు. మన సభల్లో కూడా శ్రమ అన్నప్పుడు సుత్తి పట్టినవాడి బొమ్మే వేస్తాం.

పొట్టు ఏరింది కూడా అమ్మే. లేత్ పొట్టు స్ప్రింగుల్లాగా వస్తుంది, అంచులు బ్లేడులు. సన్నవి చెప్పుల అడుగున గుచ్చుకుని పక్కబట్టల దాకా వస్తాయి. చీపురుతో పోవు. అమ్మ పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి నేలంతా ఈడ్చేది. ఇనుమంతా కవర్‌కి అంటుకుంటుంది. తర్వాత కవర్‌ని లోపలిది బయటికి తిప్పి అయస్కాంతం తీసేస్తే పొట్టంతా కవర్లోనే. ఇది ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇత్తడి పొట్టు అయస్కాంతానికి అంటదు, దాన్ని చేత్తో ఏరి వేరే డబ్బాలో వేసేది. ఇనుముతో కలిస్తే ఇత్తడి కూడా ఇనుము ధరకే పోతుంది. ఆ ఇత్తడి డబ్బా డబ్బులు ఆమెవి. నా ఎంఏ ఫీజులో అవి ఉన్నాయి.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ గది సగమే చెప్పినట్టు. మా కాలనీ పూడ్చిన కుంట మీద ఉంది. ఇళ్ల జాగాలు పంచేటప్పుడు మాకు ఎప్పుడూ ఊరి గట్టి నేల రాదు కదా. వానాకాలం నేల ఉబ్బుతుంది, ఎండాకాలం దిగుతుంది. మనుషులకి తెలియదు. గోడకి సన్నటి పగుళ్లు వస్తాయి, సున్నం వేస్తాం. కానీ లేత్‌కి తెలుస్తుంది. కాళ్ల కింద నేల ఒక మూల కదిలితే బెడ్ మెలిపడుతుంది. కంటికి కనిపించే మెలి కాదు. రాడ్డు ఒక చివర ఒక సైజు, ఇంకో చివర ఇంకో సైజు వస్తుంది.

అందుకే ఏటా శ్రావణంలో నాయిన ఒక పరీక్ష పెట్టేవాడు. లావుపాటి రాడ్డుని చక్‌లో పట్టి, రెండో చివర ఏ ఆసరా లేకుండా వదిలి, మధ్యలో సన్నగా తీసి, రెండు కొసలా రెండు ఉంగరాల్లాగా మిగిల్చేవాడు. టూలు కదపకుండా రెండిటి మీదా ఒకే కోత. తర్వాత మైక్రోమీటర్‌తో రెండూ కొలవాలి. కొలిచేది నేను, ఆయనకి అప్పటికే చూపు తగ్గింది. "చెప్పు బిడ్డా." నేను అంకెలు చెప్పేదాన్ని. తేడా 0.03 మిల్లీమీటర్లు వస్తే టెయిల్‌స్టాక్ వైపు కాలి కింద రేకు ముక్క పెట్టేవాడు. ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరిస్తే ఆ రేకు మందం ఇంచుమించు మిల్లీమీటర్‌లో పదో వంతు. పెట్టి, మళ్లీ కోసి, మళ్లీ కొలిచి, ఒక్కోసారి రాత్రయ్యేది. గట్టి నేల మీద కాంక్రీటు పునాదిలో బిగించిన లేత్‌కి ఈ బాధ ఇంతగా ఉండదు.

ఊరి పటంలో మన వాడ ఏ దిక్కున ఉందో మనం చాలా రాశాం. నేను నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమే రాశాను. అయితే ఆ పటాన్ని మైక్రోమీటర్ మీద చదివింది మాత్రం ఆ గదిలోనే. కుంటలో జాగా ఇచ్చినవాడి నిర్ణయం ముప్పై ఏళ్ల తర్వాత బుష్ వ్యాసంలో మిల్లీమీటర్‌లో మూడు వందల వంతులుగా బయటపడుతుంది. దాన్ని సరిచెయ్యడానికి ఒక మనిషి రాత్రి పోతుంది.

తెలుగు పంతులమ్మని కాబట్టి ఒక మాట గురించి చెప్పి ముందుకు పోతాను. మా గదిలో వినిపించేవన్నీ ఇంగ్లిషు మాటలో ఉర్దూ మాటలో. లేత్‌ని పాతబస్తీ మిస్త్రీలు ఖరాద్ అంటారు. తెలుగులో దీనికి మాటే లేదనుకున్నాను. బ్రౌన్ నిఘంటువులో ఏదో వెతుకుతుంటే 'తరిమెన' కనిపించింది. తరిమెన పట్టడం అంటే కర్రని తిప్పుతూ నునుపు చెయ్యడం. లక్క బొమ్మలు చేసేవాళ్ల పరికరం అది. ఇంటికొచ్చి నాయినకి చెప్పాను. రెండుసార్లు అనుకుని, "బాగుంది. గిరాకీకి చెప్తే అర్థం గాదు" అన్నాడు. మన ఆధునిక కవిత్వంలో శ్రమ గురించి రాసినప్పుడు కులవృత్తుల పనిముట్లు ఎక్కువ వస్తాయి. శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ'లో కుమ్మరి, కమ్మరి, సాలె పనిముట్లు వరసగా వస్తాయి. ఆ వరసలో నాయిన లేడు. ఆయన తన కులవృత్తిని వదిలినవాడు, ఇంకొకరి కులవృత్తినీ పట్టనివాడు. కులం చెప్పని పనిని నేర్చినవాళ్ల గురించి మన దగ్గర సాహిత్యం చాలా తక్కువ. మీలో పరిశోధన చేసేవాళ్లుంటే ఇది తీసుకోండి, నేను అడ్డం రాను.

రెండేళ్ల కిందట ఒక కంపెనీ నుంచి తమ్ముడికి విచారణ వచ్చింది. నెలకి ఐదు వందల గన్‌మెటల్ బుష్‌లు. శాంపిల్‌గా ఇరవై పంపించాడు. బయటి వ్యాసం 32 మిల్లీమీటర్లు, 0.02 లోపల ఉండాలి. ఇరవైకి ఇరవై పాసయ్యాయి. తర్వాత షాపు చూడ్డానికి ఒక కుర్రాడు వచ్చాడు. మర్యాదస్తుడు. వాకిట్లో బూట్లు విప్పబోతే తమ్ముడే వద్దన్నాడు, పొట్టు గుచ్చుకుంటుందని. గోడ కన్నం చూసి నవ్వాడు, ర్యాకు ఫొటో తీసుకున్నాడు, నాయిన గాడి కోసే పద్ధతి అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత ఫారం తీశాడు. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉందా? లేదు, ఇంటి కరెంటే, వీఎఫ్‌డీ పెట్టి మోటార్ నడుపుతున్నాం. నడిచే దారి మీటరు వెడల్పు ఉందా? లేదు. పరిశ్రమకి అనుమతి ఉన్న స్థలమా? కాదు, ఇల్లు. "అన్నా, నీ పనికి వంకలేదు. ఈ ఫారం నేను మార్చలేను" అని వెళ్లిపోయాడు.

నాకు అతని మీద కోపం రాలేదు. ఫారం అడిగినవి న్యాయమైనవే. మీటరు దారి ఉంటే మంచిదే. ఉంటే నేను గడప మీద కూర్చునేదాన్ని కాదు. అడగాల్సింది ఆ మీటరు ఎవరికి ఎట్లా వస్తుందని.

కాగితం మీద చాలా ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీ చిన్న పరిశ్రమల నుంచి 4 శాతం కొనాలని 2012 ఉత్తర్వు. తెలంగాణలో దళిత పారిశ్రామికులకి టీ-ప్రైడ్, 2014. ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాలని 2016లో స్టాండప్ ఇండియా. అయితే అది కొత్తగా పెట్టే యూనిట్‌కి. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న లేత్ కొత్తది ఎట్లా అవుతుంది? ఒక బ్యాంకులో తనఖా అడిగారు. మా ఇంటిది అసైన్డ్ పట్టా, 1977 చట్టం ప్రకారం అమ్మకూడదు. అమ్మలేని ఇంటిని ఆ మేనేజర్ ఆస్తిగా లెక్కపెట్టలేదు. చిన్న పరిశ్రమలకి 10 లక్షల దాకా తనఖా అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రింటు తీసి నేనే పట్టుకెళ్లాను. మీరూ పట్టుకెళ్లండి, ఎవరి కోసం వెళ్లినా. ఆయన దాన్ని చదివి, ఫైల్లో పెట్టి, "పైకి పంపిస్తా మేడం" అన్నాడు. నేను లెక్చరర్‌ని కాబట్టి మేడం. అంతకు ముందు నెల తమ్ముడు ఒక్కడే వెళ్తే కుర్చీ లేదు.

తమ్ముడు పారిశ్రామికవాడలో ఎస్సీ కోటా కింద షెడ్డు స్థలానికి దరఖాస్తు పెట్టాడు. పెట్టిన సాయంత్రం కాలనీలోని అంబేడ్కర్ భవన్ తాళం తీయించి, హాలు నేల మీద సుద్దతో షెడ్డు గీశాడు. 20 అడుగులు, 40 అడుగులు, నిజమైన కొలతలతో. లేత్ ఇక్కడ, తర్వాత కొనే మిల్లింగ్ మిషన్ అక్కడ, గ్రైండర్‌కి తలుపున్న వేరే గది. నాయిన చెప్పులు విడిచి ఆ గీతల మధ్య నడిచాడు. లేత్ గీసిన చోట ఆగి, వెనక గోడకి మూడడుగులు ఎందుకు వదిలావు, అడుగున్నర చాలు కదా అన్నాడు. చాలదని తమ్ముడు. చాలిందని నాయిన. ఇరవై ఏళ్లు చాలింది కదా అని. ఇద్దరూ గొంతులు పెంచారు. అమ్మ ఆ గీతలన్నీ చూసి, ఇందులో ఆడమనిషి పనికి వస్తే బాత్రూం ఏదని అడిగింది. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని ఆఫీసు గదిలోంచి ఐదడుగులు కోసి బాత్రూం గీశాడు. ముందు గది ఖాళీ అయితే పొయ్యి లోపలికి తెచ్చుకుంటానని కూడా అంది. ఎవరినీ అడగలేదు, చెప్పింది.

ఫైలు ఇంకా కదల్లేదు. సుద్ద గీతలు మాత్రం నాలుగో రోజు కడిగేశారు, హాల్లో పెళ్లి ఉందని. కొలతలు తమ్ముడి నోటుబుక్కులో ఉన్నాయి.